అలారం ఆపి చేసిన ప్రార్థన

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది దేవుడు. తిట్టింది మా అత్తయ్య.

పొద్దున లేచి మంచం మీదే మొదలుపెట్టేది. బిందె దించినా, చీపురు పట్టినా, గిన్నె తోమినా ఆయనకే. "ఏం, నీ ఇంట్లో పనివాళ్ళు తక్కువయ్యారా? నా ఒక్కగానొక్క కొడుకే దొరికాడా నీకు?" అనేది. పక్కింటివాళ్ళు మొదట్లో నన్నే అంటోందనుకున్నారు. కొడుకు పోయిన అత్త కోడల్ని తిట్టడం వాళ్ళకు అర్థమయ్యే విషయం. దేవుణ్ణి తిడుతోందని తెలిశాక కిటికీలు మూసుకున్నారు.

నన్ను ఆమె ఒక్క మాట అనలేదు. మా నాన్నను అసలే అనలేదు.

మా ఆయన ఇల్లరికం వచ్చినవాడు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, నాన్నను ఒంటరిగా వదలనన్నాను, ఆయన సరేనన్నాడు. పెళ్ళిలో అత్తయ్య దీని మీద నాన్నను బాగా ఏడిపించింది. "అన్నయ్యగారూ, మా వాడు బస్తాడు తింటాడు, గుప్పెడు పని చేస్తాడు. తర్వాత నన్నడగొద్దు" అని. ఈ ఎండాకాలం మా ఆయన సమాధి కార్యక్రమం అయ్యాక ఆమె తన ఊరు వెళ్ళలేదు. "వాడు తిరిగిన ఇంట్లో కొన్నాళ్ళుంటాను" అంది. నాన్న తల వంచుకుని, "నీ ఇల్లే చెల్లెమ్మా" అన్నాడు.

అలా ముగ్గురం మిగిలాం. మాలో ఇద్దరికి తెలిసిన సంగతి మూడో మనిషికి తెలియదు.

నాన్న ఐసు ఫ్యాక్టరీలో షిఫ్టు మేస్త్రీ. మా చర్చి సంఘంలో పెద్ద. రెండు చోట్లా "పెద్దాయన" అనే పిలిచేవారు. మా ఆయన అక్కడే ఉప్పునీళ్ళ తొట్టి మీద పని చేసేవాడు. తొట్టిలో రేకు డబ్బాలు వరసగా దిగి ఉంటాయి. డబ్బాల్లో మంచినీళ్ళు, చుట్టూ ఉప్పునీళ్ళు. ఆ ఉప్పునీళ్ళను చల్లబరిచే గొట్టాల్లో అమ్మోనియా ఉంటుంది. నీళ్ళు గడ్డకట్టాక డబ్బాలను గొలుసుతో పైకి లాగి, మామూలు నీళ్ళలో ముంచి, బోర్లించి, దిమ్మను బయటికి తోస్తారు. నేను ముందు వైపు కిటికీ దగ్గర కూర్చుని దిమ్మలకు చీటీలిచ్చేదాన్ని.

ఆ ఫ్యాక్టరీలో అమ్మోనియా వాసన ఎప్పుడూ కాస్త ఉంటుంది. కొత్తవాళ్ళకు కళ్ళు మండుతాయి. కొన్నాళ్ళకు ముక్కు పట్టించుకోవడం మానేస్తుంది. అందుకే గోడకు అలారం పెట్టె ఉంది. గాలిలో గ్యాసు పెరిగితే అది కూస్తుంది. అది కూస్తే చేతిలో ఉన్నది వదిలేసి బయటికి పరుగెత్తాలి.

మా పెట్టె ఊరికే కూడా కూసేది. తేమ తగిలినా, లారీ పొగ లోపలికి వచ్చినా కూసేది. నాన్న ఓనరుకు చెప్పాడు. "ఈ సీజను గడవనీ పెద్దాయనా, మార్పిద్దాం" అన్నాడు ఓనరు. ఐసు ఫ్యాక్టరీకి సీజనంటే ఎండాకాలం. అంతకు ముందు ఎండాకాలం కూడా ఆ మాటే అన్నాడు.

షిఫ్టు మొదలయ్యే ముందు నాన్న ప్రార్థన పెట్టేవాడు. పనివాళ్ళందరూ మా సంఘంవాళ్ళు కాదు, అయినా వచ్చి నిలబడేవారు. ఒక పాట, ఒక చిన్న ప్రార్థన. పొద్దుటి పూట తేమ ఎక్కువ కాబట్టి సరిగ్గా నాన్న కళ్ళు మూసుకోగానే పెట్టె కూసేది. కంప్రెసర్ నడిపే అతన్ని అందరం బండోడనేవాళ్ళం. అతను, "పెద్దాయనా, ఇది కూడా పాటెత్తుకుంది, రక్షణ పొందినట్టే ఉంది" అనేవాడు. జనం నవ్వేవారు. నాన్నకు అది నచ్చలేదు. "దేవుడి ముందు నిలబడినప్పుడు ఈ గోలేంటి" అని ఒక రోజు పెట్టె పక్కనున్న స్విచ్చి ఆపేశాడు. ప్రార్థన అయ్యాక వేశాడు. అప్పట్నుంచి అదే పద్ధతైపోయింది. ఆపేది నాన్నే, వేసేది నాన్నే. అందరికీ తెలుసు. ఎవరికీ తప్పనిపించలేదు.

ఆ రోజు పాట సగంలో ఉండగా గేటు దగ్గర చేపల లారీ వచ్చి హారను కొట్టింది. డ్రైవరు హారను మీంచి చెయ్యి తియ్యడు. నాన్న ప్రార్థన కుదించి, ఆమెన్ అని, నేరుగా గేటు వైపు వెళ్ళాడు. లారీని వెనక్కి తీయించి, డ్రైవరుతో దిమ్మల సంగతి మాట్లాడుతూ అక్కడే ఉండిపోయాడు.

మిగతాది నేను నా కిటికీలోంచి చూశాను. ముందు వాసన పెరిగింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెట్టె కూయలేదు కాబట్టి ఎప్పటి వాసనే అనుకున్నాం అందరం. కాసేపటికి లోపల ఏదో పగిలిన చప్పుడైంది, తెల్లటి పొగ లేచింది. బండోడు మొహానికి తడిగుడ్డ చుట్టుకుని ఇద్దర్ని లాక్కొచ్చాడు. మా ఆయన తొట్టి అవతలి మూలన, ఇరుక్కున్న గొలుసు విడదీస్తున్నాడు. అక్కణ్ణుంచి తలుపు దూరం. నాన్న గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాడు. తలుపు దగ్గర ఆగాడు. గోడ మీదికి చెయ్యి చాపి స్విచ్చి వేశాడు. అప్పుడు కూసింది పెట్టె. ఆ తర్వాత లోపలికి వెళ్ళి మా ఆయన్ని భుజాన వేసుకుని తెచ్చాడు. నాన్న దగ్గు కూడా ఆ రోజునుంచే.

"అలారం ఆలస్యంగా మోగింది" అన్నారు అందరూ. బండోడు అదే అన్నాడు. ఓనరు అదే అన్నాడు. నాన్న కాదనలేదు.

మా ఆయన ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఊపిరి కోసం పెనుగులాడి పోయాడు. డాక్టరు మమ్మల్ని పక్కకు పిలిచి, "మొదట లీకు చిన్నదే అయి ఉంటుంది. ఆ పైపు పగలకముందే బయటికి వచ్చి ఉంటే నాలుగు రోజులు దగ్గి బాగయ్యేవాడు" అన్నాడు. నాన్న చేతులు కట్టుకుని విన్నాడు. విని, "దేవుడి చిత్తం డాక్టరుగారూ" అన్నాడు.

నా కోపం ఆ మాటతో మొదలైంది.

పరామర్శకు వచ్చినవాళ్ళందరూ ఆ మాటనే తలా ఒక రకంగా చెప్పారు. సంఘంలో పాటలు నడిపించే అక్క వచ్చి అత్తయ్య చెయ్యి పట్టుకుంది.

"దేవుడు తోటమాలి లాంటివాడక్కా. తోటలో మంచి పువ్వునే ముందు కోసుకుంటాడు."

"పువ్వు కావలసినవాడు తొడిమ తుంపుతాడు" అంది అత్తయ్య. "ఊపిరితిత్తులు కాలుస్తాడా?"

"అలా అనకూడదక్కా, పాపం."

"పాపమైతే నా లెక్కలో వేస్తాడులే. నువ్వు టీ తాగు, చల్లారిపోతోంది."

ఇంకొకావిడ, మొయ్యలేని భారం ఆయన ఎవరి మీదా పెట్టడని చెప్పింది. "అయితే ఇటు రా, ఒక కొస పట్టుకో" అంది అత్తయ్య. ఆవిడ నిజంగానే లేచి చుట్టూ చూసింది, ఏం పట్టుకోవాలో అని. ఆ ఎండాకాలం అత్తయ్య నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఓనరు కూడా వచ్చాడు. పూలదండ తెచ్చాడు. ఏ మతం గడపా తొక్కని మనిషి. మా గుమ్మంలో నిలబడి, "దైవ నిర్ణయం. మన చేతుల్లో ఏముంది?" అన్నాడు. స్విచ్చి నాన్న చేతిలో ఉంది. పెట్టె మార్పించడం ఓనరు చేతిలో ఉంది. చేతుల్లో లేనిదేమిటో నాకు అర్థం కాలేదు.

సాయంత్రాలు నాన్న ఇంట్లో ప్రార్థన పెట్టేవాడు. అత్తయ్య కూర్చునేది, కళ్ళు మూసేది కాదు, ఆమెన్ అనేది కాదు. ఆయన ముగించగానే పైకప్పు వైపు చూసి తన వంతు ఎత్తుకునేది. "విన్నావుగా పొగడ్తలు. ఇక నాది విను." నాన్న మెల్లగా, "దేవుణ్ణి అలా అనకు చెల్లెమ్మా. ఆయన ఏం చేసినా మేలుకే చేస్తాడు" అనేవాడు. ఆ మాట ఎంత నెమ్మదిగా అంటే నాకు అంత మండేది.

ఒక రోజు పెరట్లో నాన్న చొక్కా జాడించుకుంటుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఆమెకు ఎప్పుడు చెప్తావు నాన్నా?"

"ఏం చెప్పాలి?"

"నువ్వు స్విచ్చి వెయ్యడం చూశాను. పొగ వచ్చాక."

నాన్న కొళాయి కట్టేశాడు. చొక్కా పిండాడు. నీళ్ళన్నీ పోయినా పిండుతూనే ఉన్నాడు.

"ఆయనకు తెలియకుండా ఏదైనా జరుగుతుందా? ఆ పైపు పగలకూడదనుకుంటే పగిలేదా? నేను మర్చిపోయానంటావు. మర్చిపోనిచ్చాడుగా."

"అంటే ఆయనే మర్చిపోయేలా చేశాడా?"

"నేను అలా అనలేదు."

"అలాగే అంటున్నావు. పొద్దస్తమానం ఆమె ఎవరిని తిడుతోందో వింటున్నావా? అవి నీకు పడాల్సిన తిట్లు. నువ్వేమో ఆయన్ని ముందు నిలబెట్టి వెనకనుంచి ఆమెకు బుద్ధులు చెప్తున్నావు."

"చెప్తే వాడు తిరిగొస్తాడా?"

"చెప్పకపోతే ఆమెకు దేవుడు కూడా మిగలడు."

"దీని గురించి ప్రార్థన చేస్తున్నానమ్మా."

"ప్రార్థన చేస్తేనే కదా ఇంత జరిగింది" అన్నాను.

ఆ మాట అని లోపలికి వచ్చేశాను. వెనక్కి తీసుకోవాలని అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ లేదు.

ఎండలు బాగా ముదిరిన ఒక ఆదివారం అత్తయ్యను బతిమాలి చర్చికి తీసుకెళ్ళాను. పాస్టరుగారు మంచి మనిషి. మా ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ వచ్చి వరండాలో మా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు, ఏమీ మాట్లాడకుండా. అలాగే ఉండిపోయినా బాగుండేది. ఆ ఆదివారం ఆయన, దేవుడు బాధలను ఎందుకు అనుమతిస్తాడు అనే అంశం మీద ప్రసంగం ఎత్తుకున్నాడు. కారణాలు మూడన్నాడు. మన విశ్వాసాన్ని పరీక్షించడానికి. మనల్ని దిద్దడానికి. తన మహిమను చూపడానికి. ఒక్కో కారణానికి ఒక్కో వేలు మడిచాడు. వేళ్ళు మడవడం అయ్యేసరికి అత్తయ్య లేచి నిలబడింది.

మా సంఘంలో ప్రసంగం మధ్యలో లేచేవాళ్ళు బయటికి వెళ్ళడానికే లేస్తారు. పాస్టరుగారు ఆమె వెళ్ళేదాకా ఆగుదామని ఆగాడు. ఆమె వెళ్ళలేదు.

"పాస్టరుగారూ, ఒక్క మాట."

"ప్రసంగం అయ్యాక మాట్లాడుకుందామమ్మా."

"అప్పుడైతే మీరొక్కరే వింటారు. పరీక్షన్నారు. ఎవరికి పరీక్ష? నాకైతే వాణ్ణెందుకు చంపాడు? వాడికైతే, రాసేవాణ్ణే చంపేసి ఫలితం ఎవరికి చెప్తాడు?"

వెనక వరసలో ఎవరో నవ్వి, వెంటనే దగ్గినట్టు సర్దుకున్నారు.

"ఆయన ఆలోచనలు మనకు అందవమ్మా."

"అందవని మీరే అంటారు. మూడని మీరే లెక్క చెప్తారు. అందాయా, అందలేదా?"

పాస్టరుగారు నీళ్ళ గ్లాసు తీసుకున్నాడు.

"ఆయన తరఫున లాయరులా మాట్లాడుతున్నారు. ఆయన మిమ్మల్ని పెట్టుకున్నాడా? నేను అడుగుతోంది ఆయన్ని. మిమ్మల్ని కాదు."

పాస్టరుగారి వెనక గోడకు సిలువ ఉంది. ఆ సిలువ మీద ప్రభువు కూడా ఎందుకు, నన్నెందుకు వదిలేశావు అని దేవుణ్ణి అడిగాడు. అరిచి అడిగాడు. ఆ అరుపును ఎవరూ తప్పనలేదు, మేం ఏటేటా దాన్ని తలచుకుని ఏడుస్తాం. అదే మాట ఒక తల్లి అడిగితే మా వరసల్లో తలలు వంగిపోయాయి, ఆమె ఏదో బూతు మాట్లాడినట్టు.

పాస్టరుగారు ముందు వరస వైపు తిరిగాడు. "పెద్దాయనా, మీరు ప్రార్థన చెయ్యండి."

నాన్న లేచాడు. లేవకుండా ఉండొచ్చు, అయినా లేచాడు. గొంతు వణకలేదు. "ప్రభువా, నీ చిత్తాన్ని ప్రశ్నించే మా బలహీనతను క్షమించు" అన్నాడు. అంతమంది ముందు, ఆమె పక్కన నేనున్నానని తెలిసి, ఆమె తరఫున క్షమాపణ అడిగాడు.

అత్తయ్య తన బైబిలు నా ఒళ్ళో పెట్టి బయటికి నడిచింది. నేను వెంట పరుగెత్తాను. తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. ఆమె వేగంగా నడుస్తోంది.

"రేపు మా ఊరు వెళ్ళిపోతానే."

"ఇంకొన్నాళ్ళు ఉండత్తయ్యా."

"వద్దు. ఇన్నాళ్ళూ కోపం ఉండేది కాబట్టి ఆయన ఉన్నాడనుకున్నాను. ఇవాళ మీ నాన్న ప్రార్థన విన్నాక ఆ కోపం కూడా పోయింది. ఉత్త గోడతో ఎవరు పోట్లాడతారు?" ఆగి నా చేతిలో బైబిలు చూసింది. "అది నువ్వే ఉంచుకో. నాకిక పని లేదు."

ఆ మధ్యాహ్నం ఆమె ఎవరినీ తిట్టలేదు. గిన్నెలు చప్పుడు లేకుండా తోమింది. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండటం ఆ ఎండాకాలంలో అదే మొదలు. నాన్న కూడా గమనించాడు. అన్నం ముందు కూర్చుని రెండుసార్లు వంటింటి వైపు చూశాడు.

"రేపు వెళ్ళిపోతోంది" అన్నాను. "దేవుణ్ణి ఇక్కడే వదిలేసి వెళ్తోంది. వదిలేయించింది నువ్వు."

"నువ్వు చెప్పు ఆమెకు. నావల్ల కాదు."

"నేను చెప్పను. నేను చెప్తే అది చాడీ అవుతుంది. నీ నోటితో నువ్వు చెప్పాలి."

ఆయన కంచం పక్కకు జరిపి లేచాడు.

మర్నాడు పొద్దున అత్తయ్య మంచం మీద బట్టలు పరిచి సంచీలో సర్దుకుంటోంది. కొడుకు చొక్కాలు కొన్ని తనతో తీసుకెళ్తానంటే తెచ్చి ఇచ్చాను. నాన్న గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"చెల్లెమ్మా."

"బస్సుకు టైమవుతోంది అన్నయ్యగారూ. నాకేం వద్దు, తినను."

"ఆ రోజు అలారం ఆలస్యంగా మోగలేదు."

ఆమె చొక్కా మడత పెడుతూ తల ఎత్తింది.

"మోగకుండా నేనే ఆపాను. ప్రార్థన కోసం రోజూ ఆపేవాణ్ణి. అయ్యాక వేసేవాణ్ణి. ఆ రోజు వెయ్యడం మర్చిపోయాను. పొగ వచ్చాక వేశాను."

ఆమె ఆ చొక్కా మడత పూర్తి చేసింది. సంచీలో పెట్టలేదు. చేతిలోనే ఉంచుకుంది.

"పొగ వచ్చాక ఎందుకు వేశారు?"

"తెలీదు. లోపలున్నవాళ్ళకు వినపడాలని వేశానో, వేసే ఉందని జనం అనుకోవాలని వేశానో. ఇన్నాళ్ళూ అదే ఆలోచిస్తున్నాను. తెలీదు."

నాన్న ఇప్పుడు దేవుడి మాట ఎత్తుతాడేమోనని చూశాను. ఎత్తలేదు.

"నేను ఆయన్ని తిడుతుంటే విన్నారు."

"విన్నాను."

"అలా అనకు చెల్లెమ్మా అని నాకు చెప్పారు."

"చెప్పాను."

"నిన్న నా తరఫున క్షమాపణ అడిగారు."

నాన్న గుమ్మంలోంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"బయటికి నడవండి అన్నయ్యగారూ. చేతిలో ఏదుంటే అది విసిరేలా ఉన్నాను. చేతిలో వాడి చొక్కా ఉంది."

నాన్న వెళ్ళాడు. ఆమె మంచం మీద కూర్చుంది. బస్సు టైము దాటింది. నేను అక్కడే నిలబడ్డాను. "నీకూ తెలుసా?" అంది. తెలుసన్నాను. "మరి" అని ఏదో అనబోయి, "పోనీలే, కన్నతండ్రి" అని ఊరుకుంది. ఆ ఊరుకోవడం కంటే కొట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఎండ పెరట్లోకి వచ్చేసరికి ఆమె ఉతకాల్సిన పని లేని బట్టలన్నీ పోగేసి బండ దగ్గర కూర్చుంది. నేను వంటింట్లో ఉన్నాను. ముందు బట్ట బండకు తగిలే చప్పుడే వినపడింది. తర్వాత గొంతు వినపడింది.

"ఎండాకాలమంతా నిన్ను నానా మాటలూ అన్నాను. నేను కాదు, అదుగో ఆయన అని ఒక్క మాట చెప్పావా? నోరు లేదా నీకు? ఆ మనిషి ఇంట్లోనే, ఆ మనిషి ముందే, ఆయన తిట్లన్నీ నువ్వు పడ్డావు. పడి ఊరుకున్నావు. అప్పుడూ ఇంతే, ఎవడో చేసినదానికి మేకులు కొట్టించుకుని వాడి పేరెత్తలేదు. ఇదేం అలవాటు నీకు?"

బట్ట పిండింది. ఇంకోటి అందుకుంది.

"అలాగని నీ లెక్క తీరిపోయిందనుకోకు. ఆయన మర్చిపోయాడు సరే, నువ్వు మర్చిపోలేదుగా? ఆ లారీని ఒక పది నిమిషాలు దారిలో ఆపలేకపోయావా? ఆ గొలుసు ఇరుక్కోకుండా చూడలేకపోయావా? చూస్తూ కూర్చున్నావా? నాతో పాటు ఏడ్చానని చెప్పకు. ఏడిస్తే ఏడ్చావు. నాకు జవాబు కావాలి. వదిలిపెట్టను."

ఆదివారం తర్వాత ఆమె దేవుడితో మాట్లాడటం అదే మొదలు.

ఆమె ఊరు వెళ్ళలేదు. క్షమించి కాదు. నాన్నకు అన్నం వడ్డించేది, ఆయనతో మాట్లాడేది కాదు. పాస్టరుగారికి నాన్న స్వయంగా వెళ్ళి చెప్పి, పెద్దరికం వదులుకున్నాడు. పాస్టరుగారు మా ఇంటికి వచ్చాడు. చాలాసేపు కూర్చున్నాడు. ఒక్క కారణం కూడా చెప్పలేదు. వెళ్ళేటప్పుడు అత్తయ్య గేటు దాకా వెళ్ళి, "ఈ కూర్చోవడం మీకు బాగా వచ్చు పాస్టరుగారూ. దీన్ని వదలకండి" అంది.

ఆ వారం చివర్లో అన్నం పెడుతూ, ఆ రోజు తర్వాత మొదటిసారి నాన్నను ప్రశ్న అడిగింది.

"ఇది ఫ్యాక్టరీల ఆఫీసులో చెప్పారా?"

"లేదు."

"నాకూ పాస్టరుకూ చెప్తే ఏమొచ్చింది? ఆ పాడు పెట్టె ఇంకా ఆ గోడకే ఉంది. దాని కింద ఇప్పుడు ఎవరి కొడుకో నిలబడి ఉన్నాడు."

నాన్న చెయ్యి కంచంలో ఆగింది. "రేపు వెళ్తాను" అన్నాడు.

"వెళ్తాను కాదు. వెళ్దాం."

ఫ్యాక్టరీలను తనిఖీ చేసే ఆఫీసు ఒక పాత భవనంలో పై అంతస్తులో ఉంది. ఫ్యాను తిరుగుతోంది, గాలి రావడం లేదు. అధికారి కళ్ళజోడు పెట్టుకుని నాన్న చెప్పింది విన్నాడు. నాన్న ఏదీ దాచలేదు. దేవుడి పేరు ఒక్కసారీ ఎత్తలేదు, ప్రార్థన అని తప్ప. ఓనరును కూడా పిలిపించారు. అతను విని కుర్చీలో వెనక్కి వాలాడు. మొహంలో ఊరట కనపడింది.

"అదీ సంగతి సార్. వీళ్ళ ప్రార్థనలే నా కొంప ముంచాయి. మేం అలారం పెట్టాం, వీళ్ళు ఆపారు. ఇందులో కంపెనీ తప్పేముంది?"

"మా ఇంటికి వచ్చి దైవ నిర్ణయం అన్నారు" అంది అత్తయ్య. "ఇక్కడికి వచ్చి ప్రార్థన వల్ల అంటున్నారు. మీకు గుడీ లేదు, చర్చీ లేదు. అవసరానికి మాత్రం దేవుడు బాగానే దొరుకుతున్నాడు."

"అమ్మా, ఆవేశపడకండి" అన్నాడు అధికారి.

"పడతాను. మీరు రాసుకోండి. ఆ పెట్టె సరిగ్గా ఉంటే దాన్ని ఎవడైనా ఎందుకు ఆపుతాడు? ఊరికే కూసేదాన్ని రెండు ఎండాకాలాలు అలాగే ఉంచింది ఎవరు?"

ఓనరు, అలాంటి ఫిర్యాదేమీ తన దగ్గరికి రాలేదన్నాడు. అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ బండోడు గొంతు సవరించుకున్నాడు. రానంటే నేనే బతిమాలి తీసుకొచ్చాను. అప్పటిదాకా గోడ వైపే చూస్తున్నాడు.

"పెద్దాయన చెప్పడం నేను విన్నాను సార్. నేనూ చెప్పాను. సీజనయ్యాక అన్నారు. పెద్దాయన తన తప్పు ఒప్పుకున్నాక నేను నోరు మూసుకోలేను. నా ఉద్యోగం పోతే పోయింది."

ఓనరు అతని వైపు తిరిగాడు. బండోడు ఈసారి గోడ వైపు చూడలేదు.

అధికారి కలం మూత తీశాడు. చాలాసేపు రాశాడు. ఫ్యాక్టరీకి తాళం వేయిస్తానని, కొత్త అలారం పెట్టి పరీక్షించేదాకా తెరవనివ్వనని చెప్పాడు. నాన్న మీద కూడా కేసు ఉంటుందన్నాడు. నాన్న తల ఊపాడు. తర్వాత అధికారి అత్తయ్య వైపు చూశాడు.

"మీరు చనిపోయినతని తల్లి కదా. మీ ఫిర్యాదు ఎవరి మీదో చెప్పండమ్మా."

"ఈయన మీద" అంది నాన్నను చూపించి. నాన్న నేల చూశాడు. "ఆ మనిషి మీద" అంది ఓనరును చూపించి.

"ఇంకెవరి మీదైనా ఉందా?"

అధికారి కలం కాగితం మీద ఆపి ఆమె వైపు చూస్తున్నాడు.

"ఉంది" అంది. "అది మీ ఆఫీసులో తీసుకోరు. నేనూ ఆయనా తేల్చుకుంటాం."

అధికారికి అర్థం కాలేదు. మాకు అయింది. ఆమె లేచి చీర కొంగు సర్దుకుంది. నాన్న ఇంకా కుర్చీలోనే ఉన్నాడు, లేవాలని గుర్తు రానట్టు. ఆమె ఆయన వైపు తిరగకుండానే, "నడవండి అన్నయ్యగారూ, ఎండ ముదురుతోంది" అంది.